గోదావరిఖని ప్రాంతంలో వీగన్ ఆహారం

వీగన్ ఆహారం అనగా మాంసం, చేపలు, గుడ్లతో పాటు పాలు, పెరుగు, నెయ్యి, వెన్న, తేనె వంటివి కూడా లేని ఆహారం. జంతువుల నుండి లభించే ఏ పదార్థాన్నీ ఇందులో వాడరు. తెలంగాణ రాష్ట్రం, పెద్దపల్లి జిల్లాలోని బొగ్గు గనుల పట్టణమైన గోదావరిఖనిలోనూ, దానిని ఆనుకొని ఉన్న రామగుండం ప్రాంతంలోనూ ఈ ఆహార పద్ధతిని నిత్యజీవితంలో ఎట్లు పాటించవచ్చునో ఈ వ్యాసం వివరిస్తుంది. ఈ ప్రాంతపు రోజువారీ వంటలలో అధిక భాగం పాలతో పనిలేకుండానే తయారవుతాయి. చిక్కు సాధారణంగా వంటకంలో కాక, చివర వేసే నెయ్యిలోనూ, భోజనం చివర వచ్చే పెరుగులోనూ, బయట త్రాగే చాయ్‌లోనూ ఉంటుంది.

పదం, అర్థం

వీగన్ అనే పదం 1944లో ఇంగ్లాండులో పుట్టింది. శాకాహారులలో పాలు, గుడ్లు కూడా మానిన కొందరు ఆ సంవత్సరం నవంబరులో వీగన్ సొసైటీని స్థాపించారు. వీరిలో డొనాల్డ్ వాట్సన్ ముఖ్యుడు. 1994 నుండి ప్రతి సంవత్సరం నవంబరు 1న ప్రపంచ వీగన్ దినం జరుపుకుంటున్నారు.

తెలుగులో శాకాహారం అన్న మాటకు మాంసం, చేపలు, గుడ్లు లేని భోజనమని మాత్రమే అర్థం. అందులో పాలు, పెరుగు, నెయ్యి సహజంగానే చేరి ఉంటాయి. కనుక "శాకాహారమేనా?" అన్న ప్రశ్నకు హోటలులో లభించే సమాధానం మాంసం గురించే గాని పాల గురించి కాదు. వీగన్ ఆహారాన్ని పాటించేవారు మొదట గుర్తించవలసిన తేడా ఇదే.

ఈ పద్ధతిని అనుసరించడానికి కారణాలు పలురకాలు. జంతువుల పట్ల కరుణ, పర్యావరణ దృష్టి, ఆరోగ్యం వానిలో ప్రధానమైనవి. వీటితో సంబంధం లేకుండా, పాలు అరగక మానేవారు కూడా కలరు. పాలలోని లాక్టోజు అనే చక్కెరను అరిగించే లాక్టేజు ఎంజైము చాలామందిలో బాల్యం తరువాత తగ్గిపోతుంది. దక్షిణ భారతదేశంలో ఇటువంటివారు ఉత్తర భారతదేశంలో కంటె ఎక్కువగా ఉన్నారు.

ప్రాంత నేపథ్యం

గోదావరిఖని గోదావరి నది కుడి ఒడ్డున, రామగుండం నగరపాలక సంస్థ పరిధిలో ఉన్నది. 2016 అక్టోబరు 11న పెద్దపల్లి జిల్లా ఏర్పడే వరకు ఇది కరీంనగర్ జిల్లాలో భాగం. ఇక్కడి గనులు సింగరేణి కాలరీస్ కంపెనీకి చెందినవి. 1920లో ఈ పేరుతో ఏర్పడిన ఈ సంస్థలో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్ర ప్రభుత్వానికి 49 శాతం వాటా కలదు. సమీపంలో ఎన్టీపీసీ వారి విద్యుత్ కేంద్రం, ఎరువుల కర్మాగారం కూడా ఉన్నాయి. ఉపాధి కోసం చుట్టుపక్కల పల్లెల నుండి, ఇతర జిల్లాల నుండి, ఇతర రాష్ట్రాల నుండి వచ్చినవారితో ఈ పట్టణం పెరిగింది. అందువలన ఇక్కడ జొన్నరొట్టె, ఇడ్లీ, చపాతీ, పూరీ ఒకే వీధిలో కనిపిస్తాయి.

తెలంగాణ మాంసాహారం ప్రధానంగా గల రాష్ట్రం. 2014 నాటి నమూనా నమోదు విధానం సర్వేలో 15 సంవత్సరాలు, ఆ పైబడిన వారిలో సుమారు 99 శాతం మాంసాహారులని తేలింది. రాష్ట్రాలలో ఇది అత్యధికం. అయితే మాంసాహారులన్నంత మాత్రాన వారు ప్రతి పూట మాంసం తింటారని కాదు. మిగిలిన పూటలలో తినే అన్నం, రొట్టె, పప్పు, కూరగాయలు, తొక్కులే ఇక్కడ వీగన్ వంటకు ఆధారం.

ఇంటి వంట

ధాన్యాలు: అన్నం, జొన్నరొట్టె, మక్కగట్క, జొన్నగట్క, అంబలి ఈ ప్రాంతపు పాత ఆహారాలు. జొన్నరొట్టెకు పిండి, వేడినీళ్ళు, ఉప్పు తప్ప మరేమీ అవసరం లేదు. గట్కను, అంబలిని సాధారణంగా చల్ల (మజ్జిగ) పోసుకొని త్రాగుతారు. దానికి బదులు పచ్చిపులుసు గాని, ఉప్పు, నిమ్మరసం, ఉల్లిగడ్డ ముక్కలు గాని కలుపుకొనవచ్చును.

పప్పులు, గింజలు: కంది, పెసర, శనగ పప్పులు, ఉలవలు, బొబ్బర్లు, అనపగింజలు వాడుకలో ఉన్నాయి. ఉడికించిన గింజలకు ఉల్లిగడ్డ, ఎండుమిరపకాయలతో పోపు పెట్టి చేసేవానిని గుడాలు అంటారు. సోయా ముక్కలను ఇక్కడ మీల్ మేకర్ అనే పేరుతో కిరాణా దుకాణాలలో అమ్ముతారు. కూర, పలావు రెండింటిలోనూ వీటిని వాడతారు.

కూరలు: పుంటికూర (గోంగూర), తోటకూర, చుక్కకూర, బచ్చలికూర, వంకాయ, బీరకాయ, ఆలుగడ్డ, టమాట మొదలైన వానిని మంచినూనెలో వండుతారు. కూర చిక్కబడడానికి పాలు, మీగడ కాక నువ్వుల పొడి లేదా పల్లీల పొడి వేయడం తెలంగాణ వంటలో సర్వసాధారణం.

పచ్చిపులుసు: చింతపండును నానబెట్టి పలుచని రసం తీస్తారు. కాల్చిన పచ్చిమిరపకాయలను ఉప్పు, జీలకర్రతో నలిపి, సన్నగా తరిగిన పచ్చి ఉల్లిగడ్డతో కలిపి ఈ రసంలో వేస్తారు. వేయించిన నువ్వుల పొడి చేర్చి పోపు పెడతారు. పులుసును పొయ్యి మీద కాచరు గనుక దీనికి ఈ పేరు వచ్చింది. వేసవిలో భోజనం చివర పెరుగుకు బదులుగా పుల్లదనం కోరేవారికి ఇది తగినది.

సర్వపిండి: బియ్యపు పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, ఉప్పు, కరివేపాకు, తరిగిన ఉల్లిగడ్డ వేసి నీళ్ళతో గట్టిగా కలుపుతారు. సర్వ లేదా గిన్నె లోపల నూనె రాసి, పిండిని పలుచగా అద్ది, వ్రేలితో అక్కడక్కడ రంధ్రాలు చేసి, వానిలో నూనె చుక్కలు వేసి, మూతపెట్టి సన్నని మంట మీద కాలుస్తారు. దీనికి గిన్నెపిండి, తపాల చెక్క అనే పేర్లు కూడా కలవు.

పాలు చేరే చోట్లు: ఇంటి వంటలో పాల పదార్థాలు ముఖ్యంగా ఐదు చోట్ల చేరతాయి.

- పప్పన్నంలో, వేడి అన్నంలో వేసుకునే నెయ్యి. దీనికి బదులు నువ్వుల నూనె లేదా పల్లీల నూనె వాడవచ్చును.
- భోజనం చివర పెరుగు లేదా చల్ల. దీనికి బదులు పల్లీల పెరుగు, పచ్చిపులుసు లేదా చారు వాడవచ్చును.
- బగారా అన్నం, పలావులలో నెయ్యి, పెరుగు. వీటిని నూనెతో, టమాట లేదా నిమ్మరసంతో చేయవచ్చును.
- పాయసం, సేమ్యా వంటి తీపి వంటలలో పాలు. వీటికి కొబ్బరిపాలు సరిపోతాయి.
- చాయ్. దీనికి బదులు అల్లం, బెల్లం లేదా నిమ్మరసం వేసిన నల్ల చాయ్ త్రాగవచ్చును.

పల్లీల పెరుగు: ఒక గ్లాసు పల్లీలను రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, మూడు గ్లాసుల నీళ్ళతో మెత్తగా రుబ్బి వడకట్టవలెను. వచ్చిన పాలను అడుగంటకుండా కలుపుతూ కొన్ని నిమిషాలు కాచి గోరువెచ్చగా చల్లార్చవలెను. అందులో తోడుకు బదులు నాలుగైదు పచ్చిమిరపకాయల తొడిమలు వేసి రాత్రంతా కదపకుండా ఉంచితే తోడుకుంటుంది. మరుసటి రోజు ఈ పెరుగునే తోడుగా వాడవచ్చును. రుచిలో ఇది బర్రెపాల పెరుగు వలె ఉండదు. పోపు పెట్టి, అల్లం, కరివేపాకు వేసినపుడు పల్లీల వాసన తగ్గుతుంది.

గనికి తీసుకుపోయే భోజనం

సింగరేణి గనులలో పని మూడు షిఫ్టులలో సాగుతుంది. పూర్వం తట్టా చెమ్మస్‌లతో బొగ్గును ఎత్తి టబ్బులలో నింపే కార్మికులకు చేసే కష్టానికి తగిన భోజనం అవసరమయ్యేది. యంత్రాలు వచ్చిన తరువాత ఆ పని తగ్గినా, లోపలి వేడి, ఉక్కపోత, దూరపు నడక మిగిలే ఉన్నాయి.

భూగర్భ బొగ్గు గనిలోకి అగ్గిపెట్టె, బీడీ, సిగరెట్ వంటివి తీసుకుపోవడం నిషిద్ధం. మండే వాయువుల వలన పేలుడు జరగకుండా ఈ జాగ్రత్త. కనుక లోపల వంట చేయడం గాని, భోజనాన్ని మంట మీద వేడి చేసుకోవడం గాని కుదరదు. ఇంటి నుండి వచ్చిన డబ్బా గంటల తరబడి చెడిపోకుండా, చల్లారిన తరువాత కూడా తినదగినదిగా ఉండవలెను.

ఈ అవసరానికి పాలు లేని వంటలు బాగా సరిపోతాయి. చింతపండు పులిహోర, జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం, పల్లీల తొక్కు, సర్వపిండి, నీరు తక్కువగా ఉండే వేపుడు కూరలు పులుపు, ఉప్పు, నూనె లేదా తడి తక్కువగా ఉండడం వలన నిలువ ఉంటాయి. పెరుగన్నం వేడిలో త్వరగా పులిసిపోతుంది. ఉడికిన పప్పు, గుడాలు కూడా ఎండాకాలంలో ఎక్కువసేపు నిలువవు. వీటిని షిఫ్టు మొదటి భాగంలోనే తినడం మంచిది.

1952 నాటి గనుల చట్టం కింద, సాధారణంగా 250 మందికి మించి పనిచేసే గనులలో క్యాంటీన్ల ఏర్పాటుకు నియమాలు చేయబడ్డాయి. క్యాంటీను టిఫిన్లలో ఇడ్లీ, వడ, పూరీ సాధారణంగా వీగన్లకు తగినవే. చాయ్ మాత్రం పాలతోనే ఉంటుంది.

రామగుండం రాష్ట్రంలో ఎండలు తీవ్రంగా ఉండే ప్రాంతాలలో ఒకటి. ఇక్కడ వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఓపెన్‌కాస్టు గనులలో వేసవిలో కార్మికులకు మజ్జిగ పంచడం కలదు. మజ్జిగ త్రాగనివారు దానిని మాని ఊరకుండడం ప్రమాదకరం. చెమటతో పోయిన నీటికి, ఉప్పుకు బదులుగా ఉప్పు, చక్కెర కలిపిన నిమ్మరసం, పలుచని అంబలి లేదా ఓఆర్‌ఎస్ ద్రావణం తీసుకొనవలెను. ఓఆర్‌ఎస్‌లో ఉప్పులు, గ్లూకోజు తప్ప పాలకు సంబంధించినవి ఉండవు.

బయట తినడం

టిఫిన్ సెంటర్లు: ఇడ్లీ, వడ, సాదా దోశ, పూరీ-ఆలుగడ్డ కూర సామాన్యంగా పాలు లేనివి. దోశ మీద వెన్న లేదా నెయ్యి వేసే అలవాటు ఉన్నచోట "నూనెతో కాల్చండి" అని ముందే చెప్పవలెను. పొంగలిలో నెయ్యి తప్పక ఉంటుంది. ఉప్మాలో కొందరు నెయ్యి వేస్తారు. మైసూర్ బజ్జీ చూడడానికి పునుగు వలె ఉన్నా దాని పిండిని పెరుగుతో కలుపుతారు. కొబ్బరి పచ్చడిలో కొన్నిచోట్ల పెరుగు చేరుతుంది. పల్లీల పచ్చడిలో సాధారణంగా ఉండదు.

బజ్జీల బండి: మిరపకాయ బజ్జీ, ఆలుగడ్డ బజ్జీ, ఉల్లిగడ్డ పకోడీలు శనగపిండి, నీళ్ళతో చేస్తారు గనుక వీగన్లకు తగినవి. పునుగులకు కొందరు దోశపిండిని, కొందరు పెరుగు కలిపిన మైదాను వాడతారు. కనుక అడిగి తెలుసుకొనవలెను.

భోజన హోటళ్ళు: అన్నం, పప్పు, వేపుడు, సాంబారు, చారు, పచ్చడి, అప్పడం గల శాకాహార భోజనంలో నెయ్యి, పెరుగు విడిగా వడ్డిస్తారు. వానిని వద్దనుట సులభం. పప్పు పోపును నెయ్యితో పెట్టారేమో మాత్రం అడగవలెను. వెజ్ బిర్యానీలో నెయ్యి, పెరుగు ఉండడం మామూలు. హైదరాబాదు నుండి రామగుండం వరకు గల రాజీవ్ రహదారి వెంట ఉన్న ధాబాలలో దాల్ తడ్కాను, రోటీని వెన్న లేకుండా చేయమని కోరవచ్చును. నాన్ పిండిలో పెరుగు లేదా పాలు కలుపుతారు. తందూరీ రోటీలో సాధారణంగా కలపరు.

మిఠాయిలు, బేకరీలు: మైసూర్‌పాక్, లడ్డూ, కోవా మిఠాయిలు నెయ్యి లేదా పాలతో చేసినవి. జిలేబీ పిండిని సంప్రదాయంగా పెరుగుతో పులియబెడతారు. పల్లీపట్టీ, నువ్వుల ఉండలు బెల్లంతో మాత్రమే చేస్తారు. బేకరీ బన్నులు, కేకులు, అనేక బిస్కెట్లలో పాలపొడి, వెన్న లేదా గుడ్లు ఉంటాయి.

పానీయాలు: నల్ల చాయ్, నిమ్మరసం, సోడా, చెరకురసం, కొబ్బరినీళ్ళు, ఈతకల్లు, తాటికల్లు పాలు లేనివి. షిఫ్టు ముగిసిన తరువాత హోటలు ముందు నలుగురితో చాయ్ త్రాగడం గని పట్టణంలో ఒక స్నేహాచారం. చాయ్ కాదనడం మనిషిని కాదన్నట్లు తోచవచ్చును. నల్ల చాయ్ ఇమ్మని అడిగితే స్నేహమూ నిలుస్తుంది, నియమమూ నిలుస్తుంది.

అడిగే పద్ధతి: వీగన్ అన్న మాట చిన్న హోటళ్ళలో ఎక్కువమందికి తెలియదు. "పాలు లేనిది" అని అడిగినా నెయ్యి పాల పదార్థమని అందరికీ తోచదు. పదార్థాల పేర్లు విడివిడిగా చెప్పి "అన్నా, ఇండ్ల నెయ్యి గానీ పెరుగు గానీ ఏసిన్రా?" అని అడగడం మేలు. శ్రావణ, కార్తీక మాసాలలోనూ, అయ్యప్ప, హనుమాన్ దీక్షల కాలంలోనూ చాలామంది మాంసం మానుతారు. ఆ రోజులలో ఇటువంటి ప్రశ్నలు అడిగినవారిని దీక్షలోని స్వామిగా భావించి, గౌరవంతో మరి కాస్త నెయ్యి వడ్డించే అవకాశం కూడా కలదు.

ప్యాకెట్ ఆహారం: చదరంలోని ఆకుపచ్చ చుక్క శాకాహారానికి గుర్తు. పాలు ఉన్న పదార్థాలకు కూడా ఇదే గుర్తు ఉంటుంది. అందువలన ముడి పదార్థాల జాబితాను, దాని క్రింద ఉండే అలర్జీ హెచ్చరికను చదవవలెను. పాలు ఉంటే ఆ హెచ్చరికలో తెలుపవలసి ఉన్నది. వీగన్ ఆహారాలకు ప్రత్యేక నిబంధనలు, ప్రత్యేక చిహ్నం భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2022లో అమలులోకి తెచ్చింది.

పండుగలు

సద్దుల బతుకమ్మ నాడు చేసే సద్దులలో చింతపండు పులిహోర, నిమ్మకాయ పులిహోర, కొబ్బరి సద్ది, నువ్వుల సద్ది పాలు లేనివే. పెరుగు సద్ది ఒక్కటే మినహాయింపు. రొట్టెను నలిపి బెల్లం కలిపి చేసే మలీదలో నెయ్యి వేస్తారు. దానికి బదులు దంచిన పల్లీలు లేదా నువ్వులు వేసినా ముద్ద కడుతుంది. సంక్రాంతికి చేసే సకినాలలో బియ్యపు పిండి, నువ్వులు, వాము, ఉప్పు తప్ప మరేమీ ఉండవు. వానిని నూనెలో కాలుస్తారు. వినాయక చవితి కుడుములు, ఉండ్రాళ్ళు, ఉగాది పచ్చడి కూడా సాధారణంగా వీగన్ వంటలే. బోనంలో మాత్రం పాలు, పెరుగు వాడే ఆచారం కలదు.

పోషణ

పాలు, మాంసం రెండూ మానినపుడు కొన్ని పోషకాల విషయంలో జాగ్రత్త అవసరం.

విటమిన్ బి-12: ఇది అన్నిటికంటె ముఖ్యమైనది. మొక్కల నుండి వచ్చే ఆహారంలో ఇది ఆధారపడదగినంతగా లభించదు. ఇడ్లీ పిండి, అంబలి వంటి పులిసిన పదార్థాల వలన ఇది లభిస్తుందన్న నమ్మకం సరికాదు. స్పిరులినాలో ఉండేది ఎక్కువగా శరీరానికి ఉపయోగపడని రూపం. పెద్దలకు రోజుకు అవసరమైనది సుమారు 2 మైక్రోగ్రాములు మాత్రమే అయినా, లోపిస్తే రక్తహీనత, కాళ్ళు చేతుల తిమ్మిర్లు, నడకలో తూలడం, మతిమరుపు కలుగుతాయి. కాలేయంలో నిలువ ఉన్నంత కాలం లక్షణాలు బయటపడవు. అందువలన కొందరు కొన్ని సంవత్సరాలు బాగుండి తరువాత జబ్బు పడతారు. యంత్రాల మధ్య, ఏటవాలు దారులలో పనిచేసేవారికి తిమ్మిరి, తూలు ప్రమాద హేతువులు. వీగన్లు వైద్యుని సలహాతో బి-12 మాత్ర గాని, బి-12 చేర్చిన ఆహారం గాని తప్పక తీసుకొనవలెను.

మాంసకృత్తులు: కందిపప్పులో 20 శాతానికి పైగా, పల్లీలలో సుమారు 25 శాతం, మీల్ మేకర్‌లో సుమారు 50 శాతం మాంసకృత్తులు కలవు. ధాన్యంలో తక్కువైన లైసిన్ పప్పులో లభిస్తుంది. పప్పులో తక్కువైన మెథియోనిన్ ధాన్యంలో, నువ్వులలో లభిస్తుంది. అన్నం ఎక్కువ, పప్పు తక్కువ అయిన పళ్ళెంలో కడుపు నిండుతుంది గాని ఈ లోటు తీరదు.

సున్నము (కాల్షియం): 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాములు, నువ్వులలో 1,000 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నది. పొట్టులోని ఆక్సలేటు వలన నువ్వులలోని కాల్షియం అంతా ఒంటికి పట్టదు.

ఇనుము: పప్పులు, ఆకుకూరలలోని ఇనుము నిమ్మరసం, టమాట, ఉసిరి వంటి సి-విటమిన్ గల వాటితో కలిపి తింటే బాగా ఒంటికి పడుతుంది. భోజనంతో పాటు త్రాగే చాయ్, నల్ల చాయ్ అయినా సరే, దీనిని తగ్గిస్తుంది. గింజలను నానబెట్టి మొలకెత్తిస్తే ఇనుము లభ్యత పెరుగుతుంది.

విటమిన్ డి: ఇది ముఖ్యంగా ఎండ వలన చర్మంలో తయారవుతుంది. పగటి షిఫ్టులలో భూగర్భంలో ఉండేవారికి, రాత్రి పనిచేసి పగలు నిద్రించేవారికి ఎండ తక్కువగా తగులుతుంది. విటమిన్ డి-3 మాత్రలు అధికంగా గొర్రె ఉన్ని జిడ్డు నుండి తయారవుతాయి. డి-2 మాత్రలలో ఈ సమస్య లేదు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు వైద్యుని పర్యవేక్షణ లేకుండా ఈ ఆహార పద్ధతిని ప్రారంభించరాదు.

ఒక రోజు భోజనం

మొదటి షిఫ్టుకు వెళ్ళే కార్మికునికి అనువైన ఒక రోజు ఆహారం ఇట్లు ఉండవచ్చును. ఉదయం పల్లీల పచ్చడితో ఇడ్లీ. డబ్బాలో జొన్నరొట్టె, మీల్ మేకర్ వేపుడు, ఎల్లిపాయ కారం, ఒక నిమ్మకాయ. షిఫ్టు ముగిసిన తరువాత నల్ల చాయ్, బొబ్బర్ల గుడాలు. రాత్రి అన్నం, పుంటికూర పప్పు, పచ్చిపులుసు, ఒక నువ్వుల ఉండ. వీటిలో దూరం నుండి తెప్పించవలసినది గాని, ఖరీదైనది గాని లేదు. సూపర్ మార్కెట్లలో అమ్మే బాదం పాలు, సోయా పనీరు వంటివి ఈ ఆహారానికి అవసరం కావు.

ఇబ్బందులు, అభ్యంతరాలు

చుట్టుపక్కల పల్లెలలో పాడి అనేక కుటుంబాలకు ఆదాయ మార్గం. పాలు మానమనడం వారి జీవనోపాధికి వ్యతిరేకమని కొందరు అభ్యంతరం చెబుతారు. పాడి వ్యవస్థలో వట్టిపోయిన పశువులకు, మగదూడలకు పట్టే గతిని వీగన్లు ప్రశ్నిస్తారు. కుటుంబంలో ఒక్కరే ఈ పద్ధతిని పాటించినపుడు విడిగా వండవలసిన భారం ఎక్కువగా ఇంటి స్త్రీల మీద పడుతుంది. ఈ ప్రాంతపు వంటలలో దీనికి సులభమైన పరిష్కారం కలదు. పప్పు, కూర, పులుసు అందరికీ ఒకటిగా వండి, నెయ్యి, పెరుగులను మాత్రం ఎవరికి కావలసినవి వారు పళ్ళెంలో వేసుకొంటే రెండవ పొయ్యి వెలిగించవలసిన పని ఉండదు.